పచ్చ నోట్‌బుక్‌లో అంకెలు

మొదటి భాగం నుంచి నాతో నడుస్తున్నవాళ్లకు ఇదంతా తెలుసు. ఇవాళే బస్సెక్కినవాళ్ల కోసం నాలుగు మాటలు చెబుతాను.

నా పేరు రుచిత. ఇంటర్ రెండో సంవత్సరం. మా ఊరి బడిలో మాకు తెలుగు చెప్పిన నజీరుద్దీన్ సార్ కథలు రాస్తారు, బుల్‌బుల్ వాయిస్తారు. బుల్‌బుల్ అంటే ఒళ్లో పట్టేంత పొడుగు చెక్కపెట్టె. దాని మీద తీగలు, తీగల పైన టైపు మిషన్‌కు ఉన్నట్టు మీటలు, ఒక్కో మీట మీద ఒక్కో అంకె. ఎడమచేత్తో మీట నొక్కుతూ కుడిచేత్తో తీగ మీటాలి. రెండేళ్ల కింద పక్షవాతం వచ్చి సార్ కుడిచెయ్యి పడిపోయింది. రాయడం, వాయించడం ఒకే రోజు ఆగిపోయాయి. అప్పటినుంచి ఆయన పాత నోట్‌బుక్కుల్లోని కథలను పుస్తకం కోసం తెల్లకాగితాల మీదికి ఎక్కిస్తున్నది నేనే.

పోయిన ఆదివారం కరీంనగర్ నుంచి సదానందం గారు వచ్చారు. ఆయన పాటలు రాస్తారు, హార్మోనియం వాయిస్తారు. రాసేవాళ్లలో వాయిద్యం వచ్చినవాళ్లందరినీ వచ్చే ఆదివారం ఒక వేదిక మీద కూర్చోబెడుతున్నామని, ఎవరి రచన వాళ్లు చదివి ఎవరి వాయిద్యం వాళ్లు వినిపించాలని, సార్ రాకపోతే సభే లేదని పట్టుబట్టారు. సార్ చాలాసేపు కాదన్నారు. చివరికి ‘చాట’ కథకైతే వస్తానన్నారు. "దాని రాగం అంకెలల్ల రాసి పచ్చ నోట్‌బుక్‌ల పెట్టిన. తీయి బిడ్డా" అన్నారు నాతో.

ఆ నోట్‌బుక్ ఆ ఇంట్లో లేదు. ఆ సంగతి నాకొక్కదానికే తెలుసు. కడుపునొప్పి అని చెప్పి బస్సెక్కాను.

*

ఐదు రోజులైనా కడుపునొప్పి తగ్గలేదు. అబద్ధంగా చెప్పిన నొప్పి నిజంగానే వచ్చి కూర్చుంది.

"ఏందే, పళ్లెంల అన్నంతోని గూళ్లు కడుతున్నవా?" అంది మా అవ్వ, శుక్రవారం పొద్దున. "తినన్న తిను, ఏమైందో చెప్పనన్న చెప్పు."

చెప్పడం నాకు రాదు. చిన్నప్పటి నుంచీ అంతే. నలుగురిలో నోరు తెరవాలంటే నా గొంతులో ఎవరో తలుపేసి గొళ్లెం పెట్టినట్టు ఉంటుంది. ఎనిమిదో తరగతిలో పాఠం బిగ్గరగా చదివే వంతు నాకు వచ్చినప్పుడు లేచి నిలబడి, మొదటి అక్షరం దగ్గరే ఏడ్చేశాను. క్లాసంతా నవ్వింది. సార్ నవ్వలేదు, తిట్టలేదు. నా దగ్గరకు వచ్చి, "నోరు రాకపోతే ఏమాయె? చెయ్యి ఉన్నది గదా. నీకు ఏం సమజయిందో రాసియ్యి, నేను చదువుకుంట" అన్నారు. మర్నాడు రెండు పేజీలు రాసిచ్చాను. సార్ ఆ రెండు పేజీల కింద ఒక పేజీ రాసి తిరిగిచ్చారు. రెండేళ్లు మేం అట్లాగే మాట్లాడుకున్నాం. పాఠం గురించి, మా బర్రె ఈనడం గురించి, ఆయన కొత్త కథ గురించి.

ఆయన రిటైరయ్యే రోజు నాకొక డైరీ ఇచ్చారు. "రోజంత రాసినంక కింద ఒక మనిషి పేరు రాయి. గా మనిషి ఉండబట్టి ఇయ్యాల్టి దినం మంచిగైంది అనిపించినోళ్ల పేరు. రోజుకొక్కటి చాలు" అన్నారు. అప్పటి నుంచి ఒక్కరోజు కూడా మానలేదు. చాలాసార్లు అవ్వ, బాపు, అంటే అమ్మానాన్నల పేర్లు. పరీక్షరోజు బస్సు ఆపిన డ్రైవరు పేరు తెలియక ‘నల్ల మఫ్లర్ అన్న’ అని రాసుకున్నాను. అన్నిటికంటే ఎక్కువసార్లు ఉన్న పేరు నజీరుద్దీన్ సార్‌ది.

ఈ ఐదు రోజులు మాత్రం కింద ఖాళీగా వదిలాను. ఎవరూ మంచి చేయక కాదు. నేను వాళ్ల పేరు రాసే యోగ్యత పోగొట్టుకున్నానని.

అవ్వకు ఏమీ చెప్పలేదు. డైరీ తీసి, జరిగిందంతా ఒక పేజీలో రాసి, చింపి, మడిచి, సార్ ఉండే హుజూరాబాద్ బస్సెక్కాను. పత్తి ట్రాక్టర్లు మార్కెట్ ముందు బారులు తీరి ఉన్నాయి. మా బస్సు వాటి వెనక అరగంట నిలబడింది. గాలికి ఎగిరిన పత్తి కిటికీలోంచి వచ్చి నా ఒళ్లో పడుతుంటే, ఇంకొంచెంసేపు ఆగితే బాగుండు అనుకున్నాను.

తలుపు తీసింది తహసీన్. సార్ మనవరాలు. మేమిద్దరం ఒకే కాలేజీ. నేను మాట్లాడని మాటలన్నీ కలిపి అదే మాట్లాడుతుంది.

"అల్లా! మేడం గారు దిగిన్రు! ఐదు దినాలు ఫోన్ ఎత్తవు, మెసేజ్ చూడవు. దాదా, వచ్చింది నీ కుడిచెయ్యి!"

సార్ కిటికీ దగ్గర మంచం మీద కూర్చుని ఉన్నారు. పడిపోయిన చేతిని ఒళ్లో, పడుకున్న పిల్లను పెట్టుకున్నట్టు పెట్టుకుంటారు. "కడుపునొప్పి తగ్గిందా బిడ్డా?" అన్నారు.

నేను కాగితం ఆయన ఎడమచేతిలో పెట్టి గోడవైపు తిరిగాను.

అందులో రాసింది ఇది:

‘సార్, పచ్చ నోట్‌బుక్ నేనే పోగొట్టాను. దాని మొదటి పేజీ పైన 786 అని ఉంది. అది మీరు దేవుడి పేరుతో మొదలుపెట్టేటప్పుడు రాసే అంకె అని తహసీన్ చెప్పింది. తర్వాత పేజీల్లో వాక్యాల మీద కూడా అంకెలు కనిపించాయి. అవి కూడా మీ దువాలే అనుకున్నాను. ఒకరి ప్రార్థన గురించి అడగడం తప్పనిపించి అడగలేదు. వాటిని వదిలేసి మాటలు మాత్రమే ఎక్కించాను. దసరా సెలవుల్లో కథలు పూర్తయిన రోజు ఆ నోట్‌బుక్ మీ వరండాలో పాత కాగితాలు అమ్మే రద్దీ సంచి మీద ఉంది. దేవుడి అంకెలున్న కాగితం రద్దీలో పోకూడదని తీసి, వెళ్తూ వెళ్తూ మసీదు దగ్గర పవిత్రమైన కాగితాలు వేసే డబ్బాలో వేశాను. చాలా మంచిపని చేశాననుకున్నాను. ఆ రోజు డైరీలో కింద నా పేరే రాసుకున్నాను. మీరు ఏమన్నా పడతాను. మీ దగ్గరకు రావద్దని మాత్రం అనకండి.’

సార్ చదవడం అయిపోయినట్టు తెలిసింది. కాగితం చప్పుడు ఆగింది. గోడ మీద బల్లి ఒకటి కదలకుండా ఉంది, నేనూ అట్లాగే ఉన్నాను.

"దువా అనుకున్నవా?" అన్నారు సార్.

తలూపాను.

"మూడు, ఐదు, ఐదు, ఏడు... గివన్ని దువాలా?"

మళ్లీ తలూపాను. వెనక నుంచి వింతగా ఒక శబ్దం వచ్చింది. భయపడి తిరిగాను. సార్ నవ్వుతున్నారు. పక్షవాతం వచ్చాక ఆయన నోరు ఒకవైపు లాగేసింది, నవ్వు కూడా ఒకవైపే వస్తుంది. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి.

వంటింట్లోంచి సార్ భార్య లతీఫున్నీసా దాదీ గరిటెతో సహా పరుగెత్తుకొచ్చింది. "క్యా హువా జీ? ఏమైంది? రెండేండ్ల సంది నవ్వని మనిషి!"

"వినుండ్రి, వినుండ్రి బేగం. నా పాటలకు గీ పిల్ల నమాజ్ చదివిపిచ్చింది!"

తహసీన్ కాగితం లాక్కుని చదివింది. పొట్ట పట్టుకుని మంచం మీద పడింది. దాదీ మాత్రం గరిటె నుదురుకు ఆనించుకుంది. "రద్దీ సంచి మీద నేనే వెట్టిన్నే! చెదలు వట్టిందని ఎండకు వెట్టిన! రద్దీకి కాదు! లోపలికి పోయి వచ్చేసరికి లేదు, మీ సారే తీసుకున్నడనుకున్న."

"నేను నీ దగ్గర ఉన్నదనుకున్న" అన్నారు సార్.

ఒకరి మీద ఒకరు నమ్మకంతో మూడు నెలలుగా ముగ్గురం ఊరుకున్నాం.

నవ్వు ఎంత తొందరగా వచ్చిందో అంత తొందరగా పోయింది. సార్ కాగితాన్ని మోకాలి మీద పెట్టి ఎడమచేత్తో మెల్లగా సాపు చేయసాగారు.

"గది పోతే ఎట్ల?" అంది దాదీ చిన్నగా. "అమ్మీ రాగం దాంట్లనే గదా ఉన్నది."

"ఔ."

"యాదికి లేదా?"

సార్ తల అడ్డంగా ఊపారు.

అప్పుడు నాకు అసలు సంగతి తెలిసింది. సార్ పుట్టింది నిర్మల్‌లో. వాళ్లమ్మ అక్కడ బీడీల కార్ఖానాలో పనిచేసేది. ఒళ్లో చాట, చాటలో తునికాకు, పొగాకు. ఆడవాళ్లంతా వరుసగా కూర్చుని బీడీలు చుడుతూ ఒక రాగం తీసేవాళ్లు. మాటలు లేని రాగం. సార్‌కు ఎనిమిదేళ్లప్పుడు ఆమె పోయింది. ఫొటో లేదు. ఆమె చీర ముక్క లేదు. ఉన్నదల్లా ఆ రాగం. సార్ బుల్‌బుల్ నేర్చుకున్నదే దానికోసం. పదహారేళ్ల వయసులో ఒక్కొక్క మీట వెతికి వెతికి, గుర్తున్నంత మేరకు పట్టుకుని అంకెల్లో రాసుకున్నారు. తర్వాత ‘చాట’ కథ రాసినప్పుడు, ఆ అంకెలను కథ వాక్యాల మీద పేర్చారు.

"నేను ప్రతి కథ గట్లనే రాసిన బిడ్డా" అన్నారు. "వాక్యం రాసి, బుల్‌బుల్ మీద పెట్టి చూస్తుంటి. మీటకు రాని వాక్యం కొట్టేస్తుంటి. గా సదానందం ఉన్నడు జూడు, ఆయనకు హార్మోనియం పెట్టె తెరిస్తెనే పాట వస్తది. మల్ల పెట్టె మూసినా ఆగడనుకో! రాసేటోనికి ఏదో ఒక తీగనో తోలో చేతుల ఉండాలె. అప్పుడు మాట చెవికి ఇంపుగుంటది. నువ్వు నా కథలల్ల నుంచి సగం తీసేసినవ్, ఇంకో సగం కాపాడినవ్. గంతే."

తిట్టి ఉంటే తట్టుకునేదాన్ని. ఆ ‘గంతే’ తట్టుకోలేకపోయాను. ఏడుపు వచ్చేసింది. దాదీ నన్ను దగ్గరకు లాక్కుని, తన ఓణీతో ముఖం తుడిచి, "ఫికర్ చేయకు. భక్తితోని చేసిన పని ఎటు పోదు" అంది. ఆమె ఓణీకి ఉల్లిగడ్డ వాసన. ఆ వాసన నాకు ఇప్పటికీ ధైర్యంగా ఉంటుంది. పోయింది వాళ్ల వస్తువు, ఓదార్పు నాకు.

"నోట్‌బుక్ లేకుంటే ఆదివారం పోయేది లేదు" అన్నారు సార్. "సదానందానికి ఫోన్ చేసి చెప్పు తహసీన్."

తహసీన్ ఫోన్ తీసింది. నంబరు నొక్కబోతూ నావైపు చూసింది. నాకేమైందో తెలియదు, గొళ్లెం దానంతట అదే ఊడినట్టు, "ఆగు" అన్నాను. "కథ నాకు నోటికొచ్చు సార్. మొత్తం."

అందరూ నన్ను చూశారు.

"రాసి రాసి వచ్చేసింది. వాక్యం చెప్తే... మీ ఎడమచెయ్యికి అంకె గుర్తుకొస్తదేమో."

సార్ కొంచెంసేపు తన ఎడమచెయ్యి వైపు చూసుకున్నారు. తర్వాత అల్మారా పైకి చూశారు.

బుల్‌బుల్ రెండేళ్లుగా అక్కడే ఉంది, పాత దుప్పటిలో. తహసీన్ స్టూలెక్కి దించింది, మూడుసార్లు తుమ్మింది. ఒక తీగ తెగి ముడుచుకుపోయి ఉంది. మిగతావి తుప్పుపట్టినా బతికే ఉన్నాయి. దాదీ తడిబట్టతో మీటలు ఒక్కొక్కటే తుడిచింది. అంకెలు బయటికొచ్చాయి. ఒకటి, రెండు, మూడు. ఆ అంకెలనే కదా నేను మొక్కి వదిలేసింది!

సార్ ఎడమచేతి వేళ్లు మీటల మీద పెట్టారు. కుడివైపు ఖాళీగా ఉంది. తీగలు మీటే చిన్న ప్లాస్టిక్ బిళ్ళ నా చేతిలో పెట్టి, "కూసో" అన్నారు.

"నాకు రాదు సార్."

"నీకు రాత వచ్చు. నిదానంగ, ఒకే తీరుగ. చెయ్యి గట్లనే ఆడాలె."

మొదటిసారి మీటినప్పుడు కిర్రుమంది. "పెంకు మీద పలుగు గీకినట్టుంది!" అంది తహసీన్. దాదీ దాని నెత్తిన ఒకటి మొట్టింది. ఇంకోసారి మీటాను. ఇంకోసారి. నాలుగోసారికి శబ్దం నున్నగా వచ్చింది.

"ఇగ చెప్పు" అన్నారు సార్.

నేను ఆయన ముఖం చూడకుండా, మీటల మీది అంకెలను చూస్తూ చెప్పాను. "మా అమ్మ ఒళ్లో చాట ఉన్నంతసేపు నాకు చోటు లేదు."

సార్ వేళ్లు కదిలాయి. ఒక మీట నొక్కారు. నేను మీటాను. ఇంకోటి. తర్వాత ఇంకోటి. వేళ్లకు తోవ తెలిసింది. అప్పటిదాకా నాకు కథలో వాక్యంగానే తెలిసినది ఒక రాగమై గదిలో నిలబడింది. పదకొండు మీటలు. దాదీ కింద కూర్చుండిపోయింది.

"రెండోది" అన్నారు సార్.

"అందుకే నేను ఆమె వీపుకు ఆనుకుని కూర్చుని, రాగాన్ని వీపులోంచి వినేవాణ్ని."

వేలు ఐదో అంకె మీదికి వెళ్లింది. కాదు. ఆరు. కాదు. మళ్లీ మొదటి వాక్యం నుంచి వచ్చాం. మళ్లీ అక్కడే ఆగిపోయింది. మూడో వాక్యం చెప్పాను. నాలుగోది చెప్పాను. "వరుస చివర ఒక పిల్ల కూర్చునేది. దాని పేరు నాకు తెలియదు, దాని గొంతు మాత్రం అందరికంటే ముందు లేచేది." ఏదీ మీటలకు రాలేదు. పదకొండు అంకెల దగ్గర దారి తెగిపోయింది.

సార్ చెయ్యి తీశారు. "చాలు బిడ్డా. గింతైనా వస్తదనుకోలే" అన్నారు. ఆయన గొంతులో బాధ ఉంది, దానికంటే ఎక్కువ సంతోషం ఉంది. రెండేళ్ల తర్వాత ఆయన వాయించారు. సగం ఆయన చెయ్యి, సగం నా చెయ్యి.

అప్పుడే తహసీన్ వాళ్ల నాన్న, అంటే సార్ కొడుకు అవేజ్ అన్న జుమ్మా నమాజు ముగించుకుని వచ్చారు. బజారులో ఆయనకు సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. తహసీన్ ఒక్క ఊపిరిలో అంతా చెప్పేసింది. ఆయన చెప్పులు విడవకుండానే వెనక్కి తిరిగి మసీదుకు వెళ్లి, పావుగంటలో వచ్చారు.

"డబ్బా ఖాళీ ఉన్నది అబ్బాజాన్. దసరా పోయినంక సంచులన్ని నిర్మల్ పంపిన్రట. ఆడ బైండింగ్ చేసే చాచా ఒకాయన అన్ని ఊర్ల కాగితాలు తెప్పిచ్చుకుంటడట. బాగైతై అనుకున్న కితాబులు కుట్టి మసీదులకు తిరిగిస్తడు. మిగిలినయి మట్టిల పెడతడు."

"పెట్టిండా?" అంది దాదీ.

"గదే అడుగుదాం. నంబర్ తెచ్చిన."

ఫోన్ మంచం మీద పెట్టి అందరికీ వినపడేలా చేశారు. చాలాసేపు మోగింది. అటునుంచి ముసలి గొంతు పలికింది. అవేజ్ అన్న సలాం చెప్పి, సంగతి చెప్పారు.

"నోట్‌బుక్కులు సంచికి పదొస్తయ్ బాబూ. నీదేదో నాకెట్ల ఎరుక? గుర్తులు చెప్పు."

అవేజ్ అన్న అందరి ముఖాలు చూశారు. దాన్ని చివరిసారి చేతిలో పట్టుకున్నది నేను. ఫోన్ నా ముందుకు జరిపారు. ఎన్నడూ చూడని మనిషితో ఫోన్లో మాట్లాడటం నా జన్మలో లేదు. మా మేనత్త ఫోన్ చేసినా అవ్వ చేతికే ఇస్తాను. సార్ నావైపు చూస్తున్నారు. రాసియ్యి అని ఈసారి అనలేదు. అక్కడ చదివేవాళ్లు లేరు.

"పచ్చ అట్ట" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "కింది మూలకు చెదలు తిన్నయి. మొదటి పేజీ మీద 786. దాని కింద ‘చాట’ అని పేరు. నల్ల సిరాతో రాసినయి మాటలు, వాటి మీద ఎర్రపెన్నుతో అంకెలు. మూడో పేజీల చాయ్ మరక ఉంది, గుండ్రంగ, కప్పు పెట్టినట్టు."

అటువైపు కాగితాలు తిరగేసిన చప్పుడైంది. తర్వాత ముసలాయన నవ్వారు.

"ఉన్నది బిడ్డా. పైలంగ ఉన్నది. 786 చూసి పక్కకు పెట్టిన. అంకెలు చూస్తే అనుమానమొచ్చింది. మా ఇంట్ల సుత ఒక పాత బుల్‌బుల్ ఉన్నది. గవి మీటల అంకెలేనని వాయించి చూసిన. మంచి రాగం."

తహసీన్ అరిచింది. దాదీ రెండు చేతులూ పైకెత్తి ఏదో గొణుక్కుంది. అవేజ్ అన్న గోడకు ఆనుకున్నారు. సార్ మాత్రం కళ్లు మూసుకుని, "అల్లా మీకు మంచి చెయ్యాలె భాయ్. మా అమ్మను ఇడిశిపెట్టకుండ పట్టుకున్నరు" అన్నారు.

"ఆగుండ్రి మాస్టర్ సాబ్, ఇంకో ముచ్చట ఉన్నది" అన్నారు ముసలాయన. "నేను వాయిస్తుంటే, మా దగ్గర పుస్తకాలు కుట్టే గంగుబాయి సూది ఆపింది. ఉట్నూర్ దిక్కు మనిషి. పదేండ్ల సంది ఈడ పనిచేస్తది, ఎన్నడు నోరు విప్పి పాడలే. నా అంకెలు అయిపోయినయ్. ఆమె మాత్రం ఆగలే. పాడుకుంటనే ఉన్నది."

సార్ కళ్లు తెరిచారు.

"ఏం పాడింది?"

"మీరే వినుండ్రి. ఓ గంగుబాయీ, ఇటు రా! గా రాగం మాస్టర్ సాబుకు వినిపియ్యి."

దూరంగా కుర్చీ జరిపిన చప్పుడైంది. ఎవరో ఫోన్ దగ్గరకు వచ్చి గొంతు సవరించుకున్నారు. రాగం మొదలైంది. పదకొండు మీటలు దాటింది. తెగిన చోటును దాటింది. సార్ ఎడమచెయ్యి దానంతటదే బుల్‌బుల్ మీదికి వెళ్లింది. నా చెయ్యి బిళ్ళతో తీగ మీద సిద్ధంగా ఉంది. రెండో వాక్యం, మూడో వాక్యం, నాలుగోది. ఆమె గొంతు ముందు, సార్ వేళ్లు వెనక, నా చెయ్యి వాటి వెనక. నోట్‌బుక్‌లోది అయిపోయిందని సార్ వేళ్లు ఆగినప్పుడు తెలిసింది. ఆమె ఆగలేదు. రాగం ఒక మెట్టు పైకెక్కి, అక్కడ కాసేపు నిలబడి, చాట కింద పెట్టినంత మెల్లగా దిగింది.

"గిది... గీ భాగం నాకు ఎన్నడు దొరకలే" అన్నారు సార్. ఫోన్ దగ్గరకు వంగారు. "అమ్మా, మీరు నిర్మల్ బీడీల కార్ఖానల పనిచేసిన్రా? మా అమ్మ రహమత్‌బీ. మీకు గీ రాగం ఆమెనే నేర్పిందా?"

"రహమత్‌బీ కొడుకువా బాబూ?" అంది గంగుబాయి. గొంతు ముసలిదే, అందులో మెత్తదనం ఉంది. "ఎప్పుడు అమ్మ వీపుకు అతుక్కొని ఉంటుంటివి. నువ్వేనా?"

"నేనే అమ్మా."

"ఆమె నాకు నేర్పలే బాబూ. నేనే ఆమెకు నేర్పిన. మా అవ్వ పొలంల నాట్లేస్తుంటే తీసే రాగం గది, దానికి మీదికెక్కే ముక్క నేను కట్టిన. నాకప్పుడు పద్నాలుగేండ్లు. నోరు విప్పి మాట్లాడాలంటే సిగ్గు, రాగం తీస్తనే ధైర్యం. రహమత్‌బీ నా పక్కన కూసొని, ఇంకోసారి తీయవే బాయి, అనేది. ఆమె అనబట్టే అందరు తీసిన్రు. మంచి మనిషి. నాకు అన్నం పెట్టేది."

దాదీ ఓణీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"చాచా చెప్తుండు, నువ్వు దీని మీద కథ రాసినవట. పుస్తకం వేస్తున్నరట, సభల సుత చదువుతరట" అంది గంగుబాయి. ఆమె గొంతులో కోపం లేదు, అడగడానికి కొంచెం మొహమాటం ఉంది. "నాకు చదువు రాదు బాబూ. యాభై ఏండ్ల సంది గీ రాగం నాదని ఎవ్వలకు చెప్పలే, ఎవ్వలు అడగలే. జర చదివి వినిపిస్తవా? నేను గా కథల ఉన్ననా?"

సార్ నావైపు చూశారు. ఆయన కళ్లలో అంత భయం నేనెప్పుడూ చూడలేదు. ‘చాట’ కథ ఆయనకు తెలుసు, నాకూ తెలుసు. అందులో ఎవరున్నారో, ఎవరి పేరు లేదో మా ఇద్దరికీ తెలుసు.

"బిడ్డా" అన్నారు. "చదువు. ఒక్క మాట దాచకు."

రోజూ కింద ఒక పేరు రాయమని నాకు నేర్పింది ఆయనే. నేను బిళ్ళ కింద పెట్టాను. ఫోన్ దగ్గరకు జరిగి, అటువైపు ఒక ముసలామె ఊపిరి వింటూ, మొదటి వాక్యం చెప్పాను. రెండోది చెప్పాను. మూడోది చెప్పాను. ఆమె, "ఔ, ఔ" అంటూ వింటోంది.

"వరుస చివర ఒక పిల్ల కూర్చునేది" అన్నాను.

ఆమె ఊపిరి ఫోన్‌కు ఇంకా దగ్గరగా వచ్చింది. ఆ తర్వాతి మాటలు ‘దాని పేరు నాకు తెలియదు’.